93 అంటే మా అమ్మే

ప్రభుత్వం చేసే శ్రామిక శక్తి సర్వేలో మనిషికో నంబరు వేస్తారు. పని లేక వెతుక్కునేవాళ్లకు 81. చదువుకునేవాళ్లకు 91. ఇంటిపని మాత్రమే చేసేవాళ్లకు 92. ఇంటిపనితో పాటు కట్టెలు, దుంపలు, కూరాకులు, పశువుల మేత ఇంటి అవసరానికి ఏరి తెచ్చేవాళ్లకు 93. 91 నుంచి అందరూ శ్రామిక శక్తిలో లేనట్టే.

ఆ 93 చూస్తే నాకు మా అమ్మే కనిపిస్తుంది. కోడి కూయకముందే ఊటకు పోయి నీళ్లు తెచ్చేది. తర్వాత కొండెక్కి కట్టెలు. వానల్లో వెదురు కొమ్ములు, పుట్టగొడుగులు. ఎండల్లో ఇప్పపువ్వు. ఇంట్లో తినడానికి తెస్తే ఆమె 93. అదే చింతపండు జీసీసీకి అమ్మితే పని చేసే మనిషి. కొండ అదే, గంప అదే, నడుంనొప్పి అదే. మనవాళ్లకు బద్ధకమనీ, జీలుగు కల్లు తాగి పడుకుంటారనీ అనేవాళ్లకు ఈ సంగతి ఎవరు చెప్పాలి?

బడిలో చేరే ఫారంలో తల్లి వృత్తి దగ్గర పిల్లలు ఇప్పటికీ 'ఏమీ లేదు' అని రాస్తారు. నేను వదలను. "నిన్న మీ అమ్మ ఏం తెచ్చిందిరా?" అంటాను. చెప్పడానికి పీరియడ్ చాలదు.

చదువుకున్న పిల్లల కథ వేరు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకేనని 2000 జనవరి 10న జీవో 3 వచ్చింది. దాన్ని నమ్ముకుని మా గూడేల పిల్లలు ఎందరో టీచర్ ట్రైనింగ్‌కు పోయారు. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. అప్పటికే ఉద్యోగాల్లో ఉన్న మమ్మల్ని షరతుల మీద ఉండనిచ్చింది. మా వెనక వచ్చినవాళ్లు రోడ్డున పడ్డారు. పని వెతుకుతున్నంతకాలం, లేదా పనికి సిద్ధంగా ఉన్నంతకాలం వాళ్లు నిరుద్యోగులు. విసిగి వెతకడం మానేసి, పనికి సిద్ధంగా కూడా లేమంటే ఆ లెక్కలోంచి కూడా పోతారు. కాగితం మీద నిరుద్యోగం తగ్గుతుంది! మగపిల్లాడు అయ్యతో పోడులోకి దిగితే పనివాడి కింద రాస్తారు. ఆడపిల్లకు పెళ్లి చేస్తారు. డిప్లొమా పెట్టెలో ఉంటుంది, ఆమె కట్టెలకు పోతుంది. మళ్లీ 93.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, సర్వేవాళ్లు గూడేనికి వస్తే జవాబు చెప్పేది ఎక్కువగా మగవాళ్లే. "కోడలు ఇంట్లోనే ఉంటాది సార్" అని మామ తేల్చేస్తాడు. ఆ కోడలు కుట్టిన అడ్డాకు విస్తర్లు పోయిన వారం సంతలో అమ్ముడుపోయాయి. మీరు పక్కనుంటే ఆ కట్టలు ఎన్నో చెప్పి రాయించండి.