తీతువు అరుపు

రాత్రిపూట తీతువు అరిస్తే మనలో చాలామంది దుప్పటి ముసుగేసుకుంటారు. "ఎవరికో మూడింది" అంటారు. మా అవ్వా అట్లాగే అనేది. నేను పది రోజులుగా ఆ పిట్టనే చూస్తున్నాను.

పెదకాకాని చేలల్లో పత్తి కట్టె పీకేశాక నేల బోడిగా ఉంటుంది కదా, అక్కడ తిరుగుతుంది. పసుపు కాళ్ళు, నల్లటి మెడ, కంటి ముందు ఎర్రటి తోలు. చెట్టు మీద గూడు కట్టదు. నేల మీదే చిన్న గుంట చేసి మూడు నాలుగు గుడ్లు పెడుతుంది. అవి మట్టి రంగు, నల్ల మచ్చలు. పక్కన నిలబడినా కనబడవు. ఆడదీ మగదీ వంతులేసుకుని 28 నుంచి 30 రోజులు పొదుగుతాయి. ఎండ ముదిరితే పొట్ట ఈకలు నీళ్ళలో తడుపుకొచ్చి గుడ్లను చల్లబరుస్తాయి.

కుక్క గానీ మనిషి గానీ దగ్గరికొస్తే, రాత్రైనా సరే, పైన తిరుగుతూ అరుస్తాయి. అది చావు కబురు కాదు, కాపలా కేక. మిరప కోతలకు వచ్చిన మన అమ్మానాన్నలు కళ్ళంలో పడుకుని మనల్ని కాచినట్టే.

మన ఆటస్థలం మూల ఒక జత పొదుగుతోంది. రాళ్ళు వేయకండి. వార్డెన్ గారూ, ఆ మూల గడ్డి ఇప్పుడే తగలబెట్టించవద్దని మనవి. పిల్లలు పుట్టిన రోజే నడుస్తాయి. తర్వాత ఆ మూల మళ్ళీ మనదే!