దూరము – కాలము

దూరాన్ని కిలోమీటర్లతో కొలవడం మనకు అలవాటు. స్కాట్లాండుకు ఉత్తరాన ఆర్క్‌నీ దీవులున్నవి. వానిలో వెస్ట్రే, పాపా వెస్ట్రే అను రెండు దీవుల విమానాశ్రయాల నడుమ దూరం సుమారు 2.7 కిలోమీటర్లు. 1967లో మొదలైన ఈ విమానయానం ప్రపంచంలోకెల్లా అతి చిన్నదని ప్రసిద్ధి. గంటకు 240 కిలోమీటర్ల వేగంతో పోతే 40 సెకన్లు చాలును. లేచుటకు, తిరుగుటకు, దిగుటకు పట్టే సమయం కలుపుకొని 2 నిమిషాలుగా నిర్ణయించారు. గాలి అనుకూలించిన ఒకనాడు 53 సెకన్లలోనే చేరినదట!

ఇంత కొద్ది దూరానికి విమానమెందుకని తరగతిలో విద్యార్థులు నవ్వారు. నడుమనున్నది సముద్రం గదా! వందమందైనా లేని పాపా వెస్ట్రేకు ఉపాధ్యాయులు, వైద్యులు ఆ చిన్న విమానంలోనే వచ్చిపోతుంటారు.

అప్పుడు నా మనస్సు మా ఊరి వాగు మీదికి పోయింది. ఆవలి ఒడ్డున బడి కనబడుతూనే ఉండేది. వానాకాలంలో మాత్రం మాకు అందేది కాదు. మా అక్క చదువు ఐదవ తరగతితో ఆ వాగు దగ్గరే ఆగిపోయింది.

విద్యార్థులారా! రేపు మీలో కొందరు ఇంజనీర్లు, అధికారులు అవుతారు. పటం మీద రెండు ఊళ్ళ నడుమ గీత గీసేటప్పుడు, ఎంత దూరమని అడిగిన తరువాత, ఆవలి ఒడ్డున ఎవరున్నారని కూడా అడగండి.