పాట కాడ్నుంచి ఇన్నావేటి?



మొన్న జీడిపిక్కల ధర కనుక్కుందామని పలాస వెళ్లాను. కాశీబుగ్గ బస్టాండు దగ్గర టీ తాగుతుంటే పక్క బల్ల మీద ఒకాయన ఫోను మోగింది. సినిమా పాట కాదు. వెనకాల తంబూరా, పైన వయొలిన్. పొద్దున్నే రేడియో తెరవగానే వచ్చే ఆకాశవాణి ట్యూను. కొట్టులో యాభై దాటినోళ్లం నలుగురైదుగురం ఉంటాం. అందరం ఒక్కసారే తల తిప్పాం. టీ పోస్తున్న కుర్రాడికి ఏమీ అర్థం కాలేదు. "ఏటి బాబూ, అందరూ అలా చూస్తన్నారు?" అన్నాడు.

చెప్పబోయి ఆగిపోయాను. రెండు ముక్కల్లో అయ్యే సంగతి కాదది. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఇందులో నేను చేసిన తప్పు ఒకటి ఉంది. అదీ చెప్పుకోవాలి.

మాది వజ్రపుకొత్తూరు వైపు. రెండెకరాల వరి, కొంచెం జీడి, కొబ్బరి. మా నాన్న బడికి వెళ్లలేదు, సంతకం రాదు. బ్యాంకులో అయినా, సొసైటీలో అయినా వేలిముద్రే. కానీ ఆయన దగ్గర తోలు సంచి తొడిగిన ట్రాన్సిస్టరు ఒకటి ఉండేది. అప్పట్లో రేడియో ఉన్నవాళ్లు ఏటా పోస్టాఫీసులో లైసెన్సు రుసుం కట్టాలి, ఆ పుస్తకం జాగ్రత్తగా దాచేవాడు. 1980ల మధ్యలో ఆ లైసెన్సు తీసేశారు గానీ నాన్న మాత్రం పుస్తకం పారెయ్యలేదు.

తెల్లారి ఆరు కొట్టడానికి ఇంకా అయిదారు నిమిషాలు ఉందనగా రేడియో తిప్పేవాడు. ముందు బరబర చప్పుడు. తర్వాత ఆ ట్యూను. అది విన్నాకే నాన్న లేచి పశువులకు గడ్డి వేసేవాడు. వందేమాతరం అయ్యేసరికి అమ్మ పొయ్యి ముట్టించేది. వార్తల ముందు పిప్ పిప్ మని టైము చెప్పే చప్పుడు వచ్చేసరికి మేం పిల్లలం ముఖాలు కడుక్కుని ఉండాలి. ఇంట్లో గోడ గడియారం లేదు. దాని అవసరం కూడా మాకు తెలీలేదు.

ఆ ట్యూను ఎవరు కట్టారో నాకు చాలా ఏళ్లు తెలీదు. ఎవరో మన శాస్త్రీయ సంగీత విద్వాంసుడు అయి ఉంటాడనుకున్నాను. తీరా చూస్తే కట్టింది వాల్టర్ కౌఫ్‌మన్ అనే దేశం కాని దేశం మనిషని చెబుతారు. 1907లో ఇప్పటి చెక్ దేశంలో ఉన్న ఊళ్లో పుట్టాడు, యూదుడు. పక్క జర్మనీలో హిట్లర్ వచ్చి యూదులను బతకనివ్వని రోజులవి. 1934లో ఆయన బొంబాయి వచ్చి దిగాడు. కొన్నాళ్లుండి పోదామని వచ్చినవాడు పన్నెండేళ్లు ఉండిపోయాడు. బొంబాయి రేడియోలో పని చేశాడు. 1936లో, అంటే మన రేడియోకు ఆలిండియా రేడియో అని పేరు పెట్టిన ఏడాదే, ఈ ట్యూను కట్టాడని అంటారు. రాగం శివరంజని. తర్వాత ఆయన అమెరికా వెళ్లి అక్కడ పాఠాలు చెప్పుకుంటూ, మన రాగాల మీద పెద్ద పుస్తకాలు రాసి, 1984లో పోయాడు.

నాకు ఇది చదివినప్పుడు ఏమనిపించిందంటే, ఊరు వదిలి పారిపోయి వచ్చినవాడు కట్టిన పాటతో మా ఊరు రోజూ తెల్లారేది. బతుకుతెరువుకని మన ఉద్దానం కుర్రాళ్లు చెన్నై, సూరత్, అండమాన్ ఎన్ని చోట్లకు పోలేదు? వాళ్లలో ఎవరి పనితనం ఏ ఊరికి ఉపయోగపడుతోందో మనకేం తెలుసు.

సరే, అసలు రేడియోకు ఈ పాట ఎందుకు? అలంకారానికి కాదు, దానికొక పని ఉంది. పాత రేడియోలో ముల్లు తిప్పుకుంటూ స్టేషన్ వెతుక్కోవాలి. మాటలు మొదలయ్యాక వెతికితే సగం పోతాయి. అందుకని ముందు కొన్ని నిమిషాలు పాట వేస్తారు. మీరు తిప్పుకోండి, సర్దుకోండి, ఇది ఫలానా స్టేషన్, బతికే ఉంది, ఇప్పుడు మాట్లాడబోతోంది అని చెప్పడమన్న మాట. దీన్ని ఇంగ్లీషులో సిగ్నేచర్ ట్యూన్ అంటారు. సిగ్నేచర్ అంటే సంతకం. కాగితం మీద సంతకం చదవలేని మా నాన్న గాలిలో వచ్చే సంతకాన్ని మాత్రం ఒక్క క్షణంలో గుర్తుపట్టేవాడు.

కార్యక్రమాలకూ అంతే. వ్యవసాయం కార్యక్రమానికి ఒక వాయిద్యం, స్త్రీల కార్యక్రమానికి ఒకటి, పిల్లలకు ఒకటి. చదువు రానివాళ్లకు అవే బోర్డులు. సాయంత్రం పాడిపంటల ట్యూను వినపడితే అరుగు మీద చుట్ట కాల్చుకునేవాళ్లు గొంతు తగ్గించేవారు. కొందరికి పాట అక్కర్లేదు, పలకరింపే పాట. రేడియో సిలోన్‌లో 1952 నుంచి బినాకా గీత్‌మాలా నడిపిన అమీన్ సయానీ 'బెహనో ఔర్ భాయియో' అని అక్కచెల్లెళ్లను ముందు పిలిచేవాడు. హిందీ ముక్క రాని మా ఊళ్లోనూ ఆ పిలుపు విని ఆయనే అని చెప్పేసేవారు.

మన దగ్గరే అనుకోకండి. ఇంగ్లండులో ది ఆర్చర్స్ అని రేడియో నాటకం ఒకటి ఉంది. 1951లో దేశమంతటికీ మొదలుపెట్టారు. యుద్ధం అయిపోయినా తిండిగింజల కరువు తీరని రోజులవి, రేషను నడుస్తోంది. ఒక రైతు కుటుంబం కథలో కలిపి సేద్యం కబుర్లు చెబితే పంట పెరుగుతుందని దాన్ని పెట్టారు. దాని ట్యూను 1924లో ఆర్థర్ వుడ్ అనే ఆయన కట్టింది. డెబ్భై ఏళ్లు దాటినా నాటకం నడుస్తోంది, ట్యూను మారలేదు. మన తంజావూరు వైపు 1960లలో ఏడీటీ 27 అనే వరి రకాన్ని రైతులు రేడియో వరి అని పిలిచారు. రేడియోలో విని నమ్మి వేశారు కాబట్టి ఆ పేరు. రైతు ఊరికే నమ్మడు కదా. ఎవరు చెబుతున్నారో తెలిస్తేనే నమ్ముతాడు.

ఇక మా నాన్న పద్ధతి చెబుతాను. ఎవరు వచ్చి రేడియోలో ఇలా చెప్పారు అన్నా ఆయన మొదటి ప్రశ్న ఒకటే. "పాట కాడ్నుంచి ఇన్నావేటి, మద్దెలో ఇన్నావేటి?"

ఈ ప్రశ్న వెనక ఒక రాత్రి ఉంది. నాకప్పుడు పదేళ్లు ఉంటాయి. ఒక కుర్రాడు పరిగెత్తుకుంటూ వచ్చాడు. తుపాను వస్తోంది, రేడియోలో చెప్పారు, గట్టు మీదికొచ్చేస్తాది అని. పడవలు పైకి లాగడానికి మనుషులు లేచారు. ఆడవాళ్లు బియ్యం మూటలు కడుతున్నారు. నాన్న వాణ్ని కూర్చోబెట్టి అదే అడిగాడు. వాడు మధ్యలో విన్నాడు. మాట ఏ భాష అంటే ఒరియా. మనకు రాత్రిపూట కటక్ రేడియో బాగా వస్తుంది కదా. ఆ హెచ్చరిక ఎక్కడో పైన పారాదీప్ వైపు వాళ్లకి. వాడికి తుపాను అన్న ముక్క ఒక్కటే చెవిన పడింది. తెల్లారి విశాఖపట్నం స్టేషన్ పెట్టి, ట్యూను కాడ్నుంచి ఆఖరి వరకు విన్నారు. మన వైపు ఏమీ లేదు. అందరూ నవ్వుకున్నారు, ఆ కుర్రాడికి పారాదీప్ అని పేరు కూడా పెట్టారు. నాన్న మాత్రం నవ్వలేదు. "ఆడు అబద్ధం సెప్పలేదు. సగం ఇన్నాడు. సగం మాట అబద్ధం కంటే సెడ్డది" అన్నాడు.

తర్వాత టీవీ వచ్చింది, సెల్లు వచ్చింది. నాన్న పోయాక రేడియో అటక మీదికి వెళ్లింది.

మళ్లీ దాన్ని దించింది తిత్లీ అప్పుడు. 2018 అక్టోబరు 10 రాత్రి. మీకు నేను చెప్పక్కర్లేదు. పాకిస్తాన్ వాళ్లు పెట్టిన పేరట, సీతాకోకచిలుక అని అర్థం. ఆ సీతాకోకచిలుక 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140, 150 కిలోమీటర్ల గాలి. అర్ధరాత్రికే కరెంటు పోయింది, కాసేపటికి ఫోనులో సిగ్నల్ పోయింది. చీకట్లో కొబ్బరిచెట్లు ఒక్కొక్కటే పడుతున్న చప్పుడు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాం. ఇరవై దాకా లెక్కపెట్టి మానేశాను.

గాలి కొంచెం తగ్గాక మా ఆవిడ అంది, మావయ్య రేడియో ఉంది కదా అని. టార్చిలైటు సెల్లులు తీసి అందులో వేశాను. ఆరు కావస్తోంది. ముల్లు తిప్పుతున్నాను, బరబర తప్ప ఏమీ లేదు. ఒక చోట సన్నగా వయొలిన్ తగిలింది. అదే ట్యూను. ఇంకా ఎవరూ ఏమీ చెప్పలేదు. తుపాను గురించి ఒక్క మాట రాలేదు. అయినా మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. బయట లోకం ఉంది, ఎప్పటిలాగే తెల్లారింది, మన గురించి చెప్పే మనిషి ఒకడు అక్కడ కూర్చున్నాడు. ఆ ట్యూను చెప్పింది అంతే. ఆ ఉదయానికి అదే చాలా ఎక్కువ.

వెలుగొచ్చాక తోటలోకి వెళ్తే తోట లేదు. నాన్న పాతిన జీడిచెట్లు వేళ్లతో సహా పడుకుని ఉన్నాయి. ఆ కథ మన అందరిదీ ఒకటే, వదిలేస్తాను.

ఇక నా తప్పు. తిత్లీ తర్వాత ఒక ఏడు, కార్తీకంలో. స్వర్ణ వేశాను. కంకి వంగింది గానీ గింజ ఇంకా గట్టిపడలేదు, పన్నెండు రోజులైనా ఆగాలి. ఒక రాత్రి ఫోనులో వాయిస్ మెసేజ్ వచ్చింది. మగ గొంతు, గబగబా చెబుతున్నాడు. మూడు రోజుల్లో తిత్లీని మించిన తుపాను, మన జిల్లాకే, కోతలు కోసుకోండి, అందరికీ పంపండి. ఎవరు చెబుతున్నాడో లేదు. ఏ రోజు చెప్పాడో లేదు. ముందూ వెనకా ఏమీ లేదు, మధ్యలో మొదలై మధ్యలో ఆగింది. తిత్లీ చూసినవాళ్లం కదా, ఆ పేరు వింటేనే కాళ్లు వణుకుతాయి. నేను ఆలోచించలేదు. ఊరి గ్రూపులో పెట్టేశాను. కింద 'నేను రేపే కోస్తున్నాను' అని కూడా రాశాను.

కోసేశాను. పక్క మడి మావయ్య కూడా కోశాడు.

మూడు రోజులూ ఎండ కాసింది. పనలు చక్కగా ఆరాయి, తుపాను జాడే లేదు. నూర్చితే సగం తాలు, పచ్చిగింజ. ఎకరానికి పాతిక బస్తాలు వచ్చే మడి పదహారు దగ్గర ఆగింది. ఆ పదహారుకీ మిల్లు దగ్గర ధర కోసేశారు. నాది నేను పడతాను, నా తెలివితక్కువ. మావయ్యది ఎకరంన్నర కౌలు భూమి. గింజ రాలినా రాలకపోయినా కౌలు కట్టాలి.

సిగ్గుపడుతూ వెళ్లాను. "ఎవడో పెట్టిన మెసేజ్ మావయ్యా, నేనూ మోసపోయాను" అన్నాను. ఆయన కోపం చెయ్యలేదు. కళ్లంలో చేట పక్కన పెట్టి అన్నాడు, "ఎవుడో సెప్పినాడని నాను కొయ్యలేదు బాబూ. నువ్వు సెప్పినావని కోసినాను."

ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఆ మెసేజ్‌కి సంతకం లేదు. దాని కింద నా సంతకం పెట్టింది నేనే. మా నాన్న కొడుకు కాబట్టి, నాలుగు ముక్కలు చదివినవాణ్ని కాబట్టి ఊళ్లో నా మాటకున్న పరువునంతా ఎవడో తెలియని గొంతుకి అరువిచ్చాను. పారాదీప్ కుర్రాడు నయం, వాడు కనీసం తన చెవితో విన్నాడు.

ఆ ఏడు మావయ్య కౌలులో సగం నేను కట్టాను. ఆయన వద్దన్నాడు, బలవంతంగా కట్టాను. దానితో తీరిపోయిందని నేను అనుకోవడం లేదు.

అప్పటి నుంచి ఒక కట్టుబాటు పెట్టుకున్నాను. ఈ పేజీలో వాతావరణం గురించి ఏది రాసినా ముందు మూడు సంగతులు రాస్తాను. ఎవరు చెప్పారు, ఏ తేదీన ఏ టైముకి చెప్పారు, ఏ ప్రాంతానికి చెప్పారు. విశాఖ తుపాను హెచ్చరిక కేంద్రం బులెటిన్ మీద నంబరు ఉంటుంది, జారీ చేసిన టైము ఉంటుంది. అదే దాని ట్యూను అనుకోండి. ఆ మూడూ లేని మెసేజ్ ఎంత భయపెట్టినా గ్రూపులో పెట్టను. మీరు పంపినా పెట్టను, ఏమీ అనుకోవద్దు.

ఇంకొకటి. ఆకాశవాణి ఇప్పుడు ఫోనులో కూడా వస్తుంది, మంచిదే. కానీ గాలి తిరిగిన రాత్రి ముందు పోయేది ఫోనే, మనం చూశాం. ఇంట్లో సెల్లులతో నడిచే చిన్న రేడియో ఒకటి ఉంచుకోండి. మీ ఊళ్లో ఏ స్టేషన్ ఎక్కడ దొరుకుతుందో ఎండాకాలంలోనే తిప్పి చూసి గుర్తు పెట్టుకోండి. తుపాను వచ్చాక చీకట్లో వెతుక్కోవడం కష్టం, నాకు తెలుసు.

మొన్న టీ కొట్టు కుర్రాడికి మాత్రం ఒక్క మాటే చెప్పాను. "మా నాన్న గడియారం మోగింది బాబూ" అన్నాను. వాడికి అర్థం కాలేదు గానీ, ఫోను ఆయన మాత్రం నావైపు చూసి నవ్వి, ఈసారి మోగితే వెంటనే ఎత్తకుండా ఆఖరి వరకు మోగనిచ్చాడు.

మీ ఇళ్లలో ఏ ట్యూనుకి ఏ పని మొదలయ్యేదో కింద రాయండి. చదువుకుంటాను.