ముల్లు ఏ వేళ ఎక్కుతోంది?

జ్వరం వచ్చిన మనిషిని వైద్యుడు మొదట అడిగేది "ఏ వేళ వస్తోంది?" అని. వేడెక్కే ఇంజనుకు ఆ భాగ్యం లేదు. మా నాన్నగారి మారుతి 800ని చూసిన మెకానిక్కు, బానెట్టు ఎత్తగానే "హెడ్ గ్యాస్కెట్ పోయింది, ఇంజను విప్పాలి" అనేశాడు. నాన్నగారు ఇప్పుడు కారు నడపరు. పక్కసీటులో కూర్చుని నేను గేర్లు మార్చే తీరును తప్పుపడుతుంటారు. ఖర్చెంతో విన్నాక "అమ్మేద్దాంలే" అన్నారు. ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు.

అంతకు ముందు వారమే శ్రీశైలం వెళ్ళాం. హైదరాబాదు రద్దీలో గంటసేపు పాకినా ముల్లు సగం దాటలేదు. ఆనకట్ట దాటి సున్నిపెంట వైపు మలుపులెక్కుతుంటే మాత్రం ఎర్రగీతను తాకబోయింది. ఏసీ ఆపి, హీటరు పూర్తిగా తిప్పాను. హీటరంటే లోపలున్న మరో బుల్లి రేడియేటరే కదా! ఇద్దరం చెమటలో తడిసిపోయాం గాని ముల్లు కొంత దిగింది.

ఆయుర్వేదంలో రోగకారణాన్ని వెదకడాన్ని 'నిదానం' అంటారు. ఎంత మంచి మాట! మా కారు నిదానం ఆ తేడాలోనే ఉంది. నిలిచిన కారుకు గాలినిచ్చేది ఫ్యాను ఒక్కటే. రద్దీలో వేడెక్కి, దారిలో పడ్డాక చల్లబడితే దానిని అనుమానించాలి. మాది అందుకు విరుద్ధం. పెట్రోలు వేడిలో సుమారు మూడో వంతు నీటిలోకి చేరుతుంది. ఘాటెక్కేటప్పుడు పెరిగిన ఆ వేడిని నీరు వదిలించుకోలేకపోతోందన్నమాట.

గ్యాస్కెట్ పోతే నీరు తగ్గడమో, ఆయిలు పాలు కలిసినట్టు తెల్లబడడమో, నీటిలో బుడగలు రావడమో, ఏదో ఒకటి కనబడాలి. ఇంజను పూర్తిగా చల్లారాక మూత తీసి చూశాను, ఒక్కటీ లేదు. (వేడిమీద ఆ మూత ముట్టరాదు. దాని బిగింపువల్ల లోపలి నీరు దాదాపు 118 డిగ్రీల దాకా మరగదు; తీశారా, ఎగిరి మొహాన పడుతుంది.)

రెండో మెకానిక్కు "థర్మోస్టాటు పీకేద్దాం సార్" అన్నాడు. మనవైపు ఇది సర్వరోగ నివారిణి. అది లేని ఇంజను వేడెక్కడానికి ఆలస్యమై పెట్రోలు తాగుతుంది, త్వరగా అరుగుతుంది. పైగా పై గొట్టం చేయి పెట్టనివ్వనంత వేడిగా ఉంది, అంటే థర్మోస్టాటు తెరుచుకుంటూనే ఉంది. ఇంజను ఆపి, ఫ్యాను తీగ ఊడదీసి, రేడియేటరు పలక మీద మెల్లగా చేయి జరిపాను. నడుమ అక్కడక్కడా చల్లని మచ్చలు! వేడినీరు అక్కడికి చేరడమే లేదు.

రేడియేటరు షాపులో విప్పితే సగానికి పైగా గొట్టాలు తెల్లని పెచ్చులతో పూడుకుపోయి ఉన్నాయి. బోరునీళ్ళు కాచిన గిన్నెకు పట్టే సున్నమే అది. ఏళ్ళ తరబడి ఆదివారం ఉదయం చెంబుతో ఆ నీళ్ళు పోసింది ఎవరో నాకు తెలుసు.

కొత్త రేడియేటరు వేయించాను, కూలెంటు పోయించాను. మొన్న మళ్ళీ అదే ఘాటు ఎక్కాం. ముల్లు సగం దగ్గరే నిలిచింది. జబ్బేమిటని నాన్నగారు అడిగితే "పాతబడింది నాన్నగారూ" అన్నాను. ఆయన బిల్లు చూసి, ఇంట్లో బోరుండగా రంగునీళ్ళకు ఇంత డబ్బా అని ఇప్పటికీ విసుక్కుంటున్నారు.