ఫిల్లింగుకు మరక ఎందుకు పట్టింది?

పిల్లలూ! మా విజయనగరంలో పక్కింటి అమ్మాయికి ముందుపన్ను విరిగింది. దంతవైద్యుడు పంటిరంగు ఫిల్లింగు పెట్టాడు. పన్నేదో, ఫిల్లింగేదో తెలిసేది కాదు. తర్వాత పళ్ళు పుచ్చకుండా ఫ్లోరైడు జెల్లు పూశారు. కొన్నాళ్ళకు ఫిల్లింగు గరుకై టీ మరక పట్టింది. "తాతగారూ, నేను సరిగ్గా తోముకోలేదా?" అని ఆ పిల్ల నోటికి చెయ్యి అడ్డుపెట్టుకుని అడిగింది.

పాపం, తప్పు ఆమెది కాదు. ఆ ఫిల్లింగులో జిగురులాంటి రెసినూ, అందులో మెత్తని గాజుపొడీ ఉంటాయి. కొన్ని జెల్లులలో ఫ్లోరైడుతోపాటు ఫాస్ఫారిక్ ఆమ్లం కలుపుతారు. రెండూ కలిసినచోట కొద్దిగా హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం పుడుతుంది. అది గాజునే తినేస్తుంది! (అందుకే దాన్ని గాజుసీసాలో కాక ప్లాస్టిక్ సీసాలో ఉంచుతారు.) గాజు కరిగిన గుంటల్లో టీ రంగు నిలుస్తుంది. తగరం కలిసిన ఫ్లోరైడయితే ఫిల్లింగు అంచులు గోధుమరంగుకు తిరగవచ్చు. ఆమ్లం లేని సోడియం ఫ్లోరైడుతో ఈ బెడద అంతగా లేదు. కనుక జెల్లు పూసేముందే, "నాకు ఫిల్లింగుంది" అని డాక్టరుగారికి చెప్పండి. పైపైన పట్టిన మరక మెరుగుపెడితే చాలావరకు పోతుంది.

పొదిలి, దర్శి ప్రాంతాల పిల్లల పళ్ళమీది మచ్చలు వేరు. అవి అప్పటి నెల్లూరు జిల్లాలోవి. తాగేనీటిలో ఫ్లోరైడు ఎక్కువగా ఉండడమే కారణమని 1937లో వైద్యులు ప్రకటించారు. ఆ లోపం పన్ను చిగురులోపల తయారయ్యేటప్పుడే ఏర్పడుతుంది. ఎంత తోమినా పోదు.