చీకటి పడ్డాక లామాలు

పశువుల పాకల మీద రాత్రంతా ఫ్లడ్‌లైటు వెలిగించేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. ఇక్కడ ఒరెగాన్‌లో ఊరి చివర ఇళ్లవాళ్లు ముచ్చటపడి లామాలనూ అల్పాకాలనూ పెంచుకుంటారు. పొద్దు గూకగానే స్విచ్చి వేసి పెరడంతా పెళ్లిపందిరి చేసేస్తారు. ఎందుకంటే కయోటీలు వస్తాయంటారు. కయోటీ వచ్చిన సంగతి ఆ దీపం చెప్పదు, లామాయే చెబుతుంది.

మా కంచె అవతలి మందకు ఆ బెడద లేదు. వాటిని సాకే పెద్దావిడ చీకటిని చీకటిగానే ఉండనిస్తుంది. భోజనాలయ్యాక కుర్చీ వేసుకుని వాటిని చూస్తూ కూర్చోవడం నాకు అలవాటైపోయింది. కళ్లు కుదురుకునేదాకా కాస్త ఓపిక పట్టాలి, అంతే.

సందెవేళ కుర్ర అల్పాకాలకు ఉన్నట్టుండి హుషారొస్తుంది. నాలుగు కాళ్లూ ఒక్కసారే నేల వదిలేలా గెంతుతూ కంచె పొడుగునా పరుగులు తీస్తాయి. ఆ సంబరం సద్దుమణిగాక ఒక్కొక్కటే పెంటికల కుప్ప దగ్గరికి నడుస్తుంది. మందంతటికీ చోటు ఒకటే. ముందున్నది తెమిలేదాకా వెనకది ఆగుతుంది. మేసే గడ్డిని పాడుచేసుకోవు. ఆ తర్వాత కాళ్లన్నీ ఒంటి కిందికి మడుచుకుని కూలబడతాయి. ఒంటెల వంశం కదా, కూర్చునే తీరూ అదే.

అప్పుడు మొదలవుతుంది నెమరు. నెమరు చూడాలంటే లామాదే చూడాలి. గేదె మెడ పొట్టి, ముద్ద ఎప్పుడొచ్చిందో తెలియదు. లామా మెడ నిటారుగా ఉంటుంది గనక, కాస్త వెన్నెల ఉంటే ముద్ద కింది నుంచి పైకి పాకడం కనబడుతుంది. కింది దవడ అటూ ఇటూ తిరుగుతుంది. మింగుతుంది, ఓ క్షణం ఊరుకుంటుంది, మళ్లీ ఇంకో ముద్ద. ఆవు కడుపులో నాలుగు అరలుంటే వీటికి మూడే. నమలడంలో మాత్రం ఆవుకేమీ తీసిపోవు.

మా నాన్నమ్మ వేసవి రాత్రుళ్లు వాకిట్లో మంచం మీద పడుకుని, గొడ్లు నెమరేసే చప్పుడు వింటూ నిద్రపోయేది. చప్పుడు ఆగిందంటే లేచి వెళ్లి గేదె చెవులు పట్టుకుని చూసేది, చల్లబడ్డాయేమోనని. నెమరు మానిన గొడ్డుకు ఒంట్లో బాగాలేదని ఆవిడకు ఎవరూ చెప్పక్కర్లేదు. అల్పాకాలకూ అదే గుర్తు. ఆవిడ దగ్గర లాంతరు ఉండేది, కానీ దాని అవసరం పెద్దగా పడేది కాదు. గొడ్ల బాగోగులు చెవులతో కనిపెట్టిన మనిషి ఆవిడ. అలాంటి చెవులు చీకట్లోనే అలవడతాయి.

నేను చూసినంతలో మందంతా ఒక్కసారే కళ్లు మూయదు. ఏదో ఒకటి మెడ నిలబెట్టి, చెవులు రిక్కించుకుని ఉంటుంది. అనుమానం వస్తే తెరలు తెరలుగా కీచుమని అరుస్తుంది. తక్కినవన్నీ లేచి ఆ దిక్కుకే తిరుగుతాయి. అలికిడి లేనప్పుడు సన్నగా 'మ్మ్' అంటూ ఒకదాన్నొకటి పలకరించుకుంటాయి.

వేల ఏళ్ల కిందట వీటిని మచ్చిక చేసిన ఆండీస్ కొండల మనుషులకు చీకటి విలువ తెలుసు. చుక్కల్లోనే కాదు, పాలపుంతలోని నల్లటి మరకల్లో కూడా వాళ్లు బొమ్మలు చూశారు. వాటిలో ఒకటి యాకానా అనే లామా. పెరూలో 17వ శతాబ్దం మొదట్లో కెచువా భాషలో రాసిపెట్టిన హువరోచిరి గాథల్లో దాని కథ ఉంది. నడిరాత్రి ఎవరూ చూడనప్పుడు యాకానా కిందికి దిగి సముద్రంలో నీళ్లన్నీ తాగుతుందట. తాగకపోతే లోకమే మునిగిపోతుందట. ఆ లామా కళ్లని ఆండీస్‌లో చెప్పుకునేవి ఆల్ఫా, బీటా సెంటారీ చుక్కలు. ఒరెగాన్‌లో అవి కనబడవు. మన తెలుగు ఊళ్లలో మాత్రం మే నెల రాత్రి పది దాటాక, దక్షిణాన నేలకు కాస్త ఎత్తులో జంటగా వెలుగుతాయి. ఈ వేసవిలో ఊరెళ్తే వాకిట్లో దీపం తీసేసి పిల్లలకు వాటిని చూపించండి.