బుడగ, పుడక

మా ఇంట్లో ముగ్గురికీ మూడు తెలుగులు. కోయంబత్తూరు పీళమేడులో పుట్టి పెరిగిన మా నైనాది పాత తెలుగు. నాది సగం తమిళం కలిసినది. మావాడికి అన్నీ అర్థమవుతాయి, నోరు మాత్రం విప్పడు. తాత తెలుగులో అడిగితే తమిళంలో జవాబు. నైనా పైకేమీ అనరు గానీ, నొచ్చుకుంటారని నాకు తెలుసు.

పోయిన సెలవుల్లో వాడి రిమోట్ ట్రక్కు గతుకుల్లో ఒక పక్కకే ఎగరడం మొదలెట్టింది. షాక్‌లలో ఆయిల్ కారిపోయింది. వాడు వరండాలో అన్నీ విప్పి కూర్చున్నాడు. నలభై ఏళ్లు మోటార్ సైకిల్ ఫోర్కులకి ఆయిల్ మార్చిన నైనా, తన ఫోర్క్ ఆయిల్ పోయమన్నారు. వాడు ఒప్పుకోలేదు. దీనికి సిలికాన్ ఆయిలే పోయాలట, పెట్రోలియం ఆయిల్ తగిలితే లోపలి సిలికాన్ రబ్బరు రింగులు ఉబ్బిపోతాయట. నైనా సీసా తిప్పి చూసి, "సరే, నువ్వు చెప్పిందే" అన్నారు.

వాడు రాడ్డుని పూర్తిగా కిందికి లాగి, గొట్టం నిండా ఆయిల్ పోసి, గబగబా పైకీ కిందికీ ఆడించాడు. అంతా నురగ. అలాగే మూత బిగించి నొక్కితే లోపల గురగురమని చప్పుడు. నైనాకి ఇప్పుడు చూపు తక్కువ, చెవి మాత్రం పాతదే.

"లోపల గాలుంది రా. ఆయిల్ నొక్కుకుపోదు, గాలి నొక్కుకుపోతుంది. అందుకే ఒక పక్క మెత్తగా ఉంది. మజ్జిగ చిలికినట్టు చిలికితే ఎట్లా? నిదానంగా లాగు. పిస్టన్ ఆయిల్ దాటి పైకి రాకూడదు. బుడగలు వాటంతట అవే పైకొస్తాయి."

మళ్లీ మొదలు. నిదానంగా ఆడించి, రాడ్డు కిందికి పెట్టి, పది నిమిషాలు నిలబెట్టారు. తర్వాత అంచుదాకా ఆయిల్ నింపి, రబ్బరు మూతని ఏటవాలుగా, కింద గాలి చిక్కకుండా పరిచి బిగించారు. ఎక్కువైన ఆయిల్ అంచున కారిపోయింది. ఎడమదీ కుడిదీ పక్కపక్కన నొక్కి చూశారు. చప్పుడు లేదు, రెండూ ఒకే తీరుగా కదిలాయి.

నాలుగోది నింపుతూ వాడు, "తాతా, బుడగ పోయిందా?" అన్నాడు. తెలుగులో. నైనా వెంటనే జవాబు చెప్పలేదు. గొట్టాన్ని వెలుతురుకేసి ఎత్తి చాలాసేపు చూసి, "ఇంకొకటుంది, ఆగు" అన్నారు.

మర్చిపోకుండా వాడు సీసా మీద ఆ మాట తమిళ అక్షరాల్లో రాసుకున్నాడు. ఆ లిపిలో ప, బ ఒకటే; క, గ ఒకటే. నైనా కళ్లకి దగ్గరగా పెట్టుకుని "పుడక" అని చదివి, పొట్ట పట్టుకుని నవ్వారు. ఆయనకీ తెలుగు లిపి రాదు. పెద్దయ్యాక నేర్చుకున్నది నేనొక్కడినే. అందుకని ఆ పక్కనే తెలుగులో రాసిచ్చాను. ఇద్దరూ వేలు పెట్టి దిద్దారు: బు, డ, గ.

ఇప్పుడు మా ఇంట్లో ముగ్గురికీ వచ్చిన తెలుగు అక్షరాలు ఆ మూడు. వచ్చేవారం ట్రక్కు గేరు విప్పుతారట.